గుండె గది అంచును కంప్యూటర్ గీస్తే ఆ లెక్కను నమ్మవచ్చునా?

ప్రశ్న: మా నాన్నగారికి రెండు నెలల క్రితం ఎకో తీస్తే గుండె పంపింగ్ 55 శాతం అన్నారు. మొన్న తీసిన ఎంఆర్ఐ రిపోర్టులో 48 శాతం అని ఉంది. గది అంచులను కంప్యూటరే గీస్తుందని, శాతం ఆ గీతల నుంచే వస్తుందని స్కాన్ సెంటర్‌లో చెప్పారు. అంత తేడా గుండెలో వచ్చినదా, గీతలో వచ్చినదా?
— ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: ముందుగా, ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి గుండె బలహీనపడిందని నిర్ణయించుకోకండి. ఎకోలో సాధారణంగా రెండు కోణాల నుంచి కనిపించే ఎడమ జఠరిక (ఒంటికి రక్తాన్ని పంపే కింది గది) ఆకారాన్ని బట్టి దానిలో పట్టే రక్తాన్ని అంచనా కడతారు. ఎంఆర్ఐలోనైతే గుండెను దొండకాయను చక్రాలుగా తరిగినట్లు అడ్డంగా పొరలుపొరలుగా చిత్రిస్తారు. ఒక్కొక్క పొరలో రక్తం ఉన్న మేర చుట్టూ గీత గీసి, ఆ వైశాల్యాన్ని పొర మందంతో గుణించి, అన్నింటినీ కూడుతారు. జఠరిక నిండుగా ఉన్నప్పుడు ఒకసారి, పూర్తిగా ముడుచుకున్నప్పుడు ఒకసారి ఇలా లెక్కించి, నిండిన రక్తంలో బయటకు వెళ్లినది ఎంతో శాతంగా చెబుతారు.

ఈ గీతలను ఒకప్పుడు డాక్టర్లు మౌస్‌తో ఓపికగా గీసేవారు. జర్మనీలోని ఫ్రైబర్గ్ విశ్వవిద్యాలయం వారు 2015లో ప్రకటించిన యూ-నెట్ అనే పద్ధతి వచ్చాక, నిపుణులు గీసిన చిత్రాలను చూసి నేర్చుకొని తానే గీసే ప్రోగ్రాములు బాగా పెరిగాయి. ఫ్రాన్సులోని డిజోన్ ఆసుపత్రికి చెందిన 150 మంది స్కాన్లతో 2017లో జరిగిన పోటీలో మంచి ప్రోగ్రాములు జఠరిక నడిమి భాగంలో నిపుణులకు దీటుగానే గీశాయి. ఎక్కువగా తడబడినది పైభాగంలోను, కొనలోను.

పైభాగమే అసలు చిక్కు. గుండె ముడుచుకున్నప్పుడు, జఠరికకు దాని పై గదికి మధ్య తలుపులాంటి మిట్రల్ కవాటం ఉండే తలం ఒక సెంటీమీటరుకు పైగా కొన వైపు దిగుతుంది. అందువల్ల నిండినప్పుడు జఠరికను చూపిన పై పొరే, ముడుచుకున్నప్పుడు కర్ణికను, అంటే ఆ పై గదిని, చూపవచ్చు. యంత్రం దానిని ఇంకా జఠరికే అనుకుంటే ఏమవుతుందో ఊహకు ఒక లెక్క చూడండి. నిండినప్పుడు 120 మిల్లీలీటర్లు, ముడుచుకున్నప్పుడు 54 ఉంటే పంపింగ్ 55 శాతం. ఆ ఒక్క పొరలోని 9 మిల్లీలీటర్లు పొరపాటున కలిసి 54 కాస్తా 63 అయితే, అదే గుండెకు 47.5 శాతం వస్తుంది. మీ నాన్నగారి విషయంలో ఇదే జరిగిందని నేను అనడం లేదు. ఒక్క గీతకు ఇంత బరువు ఉంటుందని మాత్రమే చెబుతున్నాను. (మనుషులు గీసినా ఈ పొర దగ్గర ఒకరి గీత మరొకరి గీతతో కలవకపోవడం మామూలే.)

కనుక యంత్రం గీసిందనే కారణంతో రిపోర్టును తోసిపుచ్చనవసరం లేదు. కానీ ఎవరూ సరిచూడని గీతపై సంతకం చేయడం నా దృష్టిలో తప్పే. పై పొరలను రేడియాలజిస్టు స్వయంగా చూసి సరిదిద్దారా అని మీ గుండె డాక్టరు ద్వారా అడిగించండి. అంతవరకు మందులను మీ అంతట మీరు మార్చకండి. ఆయాసం, కాళ్ల వాపు వంటివి ఉంటే మాత్రం ఆ జవాబు కోసం ఆగకుండా డాక్టరుకు చూపించండి. స్కాన్ సీడీని భద్రంగా ఉంచుకోండి. గీతలను మళ్లీ గీయించాలంటే ఆ చిత్రాలే చాలు, మీ నాన్నగారిని తిరిగి స్కాన్‌కు పంపనక్కరలేదు.