పెరట్లో నిప్పుల వంట: మేనకోడలికి ఒక లేఖ

పర్లాకిమిడి

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి మావయ్య ఆశీస్సులతో వ్రాయునది.

ముక్కనుమ నాటి సాయంత్రం రాయగడలోని మీ కొత్త ఇంటి పెరట్లో మన బంధువులనూ, పక్కింటి ఒడియా కుటుంబాలనూ పిలిచి, నిప్పుల మీద కాల్చిన వంటకాలు వడ్డించాలనుకుంటున్నట్లు రాశావు. అందుకోసం బజారులో మసాలా పొట్లాలు కొనమంటారా అని అడిగావు. అక్కరలేదమ్మా. నీ వంటింట్లో ఉన్న పెరుగు, అల్లం, వెల్లుల్లి, ఆవాలు, చింతపండు, బెల్లం చాలు. ఏ ముక్కను దేనిలో ఎంతసేపు ఊరబెట్టాలో తెలియకపోతే మాత్రం ఎంత మంచి సరుకు తెచ్చినా పాడవుతుంది కనుక, ముప్పై ఏళ్లుగా ఈ పని చేస్తున్నవాడిగా ఆ సంగతే ముందు రాస్తున్నాను.

కోడితో మొదలుపెట్టు. కిలో ముక్కలకు ఎముక తగిలేదాకా గాట్లు పెట్టి, రెండు చిన్న చెంచాల ఉప్పు, ఒక నిమ్మకాయ రసం, అర చెంచా పసుపు పట్టించి అరగంట వదిలెయ్యి. ఉప్పు మొదట మాంసంలోని నీటిని బయటికి లాగుతుంది, తరువాత ఆ ఉప్పునీరే తిరిగి లోపలికి ఇంకుతుంది. అన్నీ ఒకేసారి కలిపేస్తే ఈ పని సరిగా సాగదు. పసుపు మన పొరుగునే పండే కంధమాల్ పసుపైతే మరీ మంచిది, దానికి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ తరువాత, గుడ్డలో మూటగట్టి గంటసేపు నీరు కార్చిన గట్టి పెరుగు 150 గ్రాములు, అల్లం వెల్లుల్లి ముద్ద రెండు పెద్ద చెంచాలు, కారం రెండు చిన్న చెంచాలు, ధనియాల పొడి ఒకటి, గరం మసాలా అర, ఆవనూనె రెండు పెద్ద చెంచాలు కలిపి పట్టించు. పెరుగులో నీరుంటే ముద్ద ముక్కను పట్టుకోక జారి నిప్పుల్లో పడుతుంది. కనీసం నాలుగు గంటలు, వీలైతే రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచు. జనవరి చలి కదా అని వంటింటి గట్టు మీద వదిలెయ్యకు.

మేకమాంసం ముదురుగా ఉంటుంది కాబట్టి దానికి పచ్చి బొప్పాయి తొక్కతో సహా నూరి, కిలోకు రెండు పెద్ద చెంచాల చొప్పున వెయ్యి. అందులోని పపైన్ అనే పదార్థం మాంసపు పీచును విడగొడుతుంది. రెండు మూడు గంటలు దాటనివ్వకు. ఒకసారి మా ఇంట్లో పాతికమంది చుట్టాలున్న రోజున, ఎక్కువసేపు ఊరితే ఎక్కువ మెత్తబడుతుందనుకుని నేను ముందు రాత్రే బొప్పాయి పట్టించాను. తెల్లారేసరికి నాలుగు కిలోల మాంసం పిండిలా నలిగిపోయింది, ఒక్క ముక్క కూడా చువ్వకు నిలవలేదు. ఆ బాధ ఇప్పటికీ నాకు గుర్తుంది కనుకే నీకు గంటలు లెక్కపెట్టి చెబుతున్నాను.

చేపకు ఇంకా తక్కువ సమయం చాలు. పులుపులో అరగంట మించితే దాని కండ గట్టిపడి, కాల్చినప్పుడు ఎండిపోతుంది. శీలావతి ముక్కలకు, మనం పనసపొట్టు కూరకు పెట్టే ఆవముద్దే తగిన మసాలా. ఒడియావారు వెల్లుల్లి కూడా చేర్చి దానినే బేసర అంటారు. రెండు పెద్ద చెంచాల ఆవాలు నానబెట్టి, ఉప్పు, పచ్చిమిరపకాయలు, ఆరు వెల్లుల్లి రెబ్బలతో కలిపి నూరితే చేదు తగ్గుతుంది. కొంచెం ఆవనూనె కలిపి చేపకు రాసి, అరటాకులో గానీ సాలు చెట్టు ఆకులో గానీ చుట్టి, నారతో కట్టి, సన్నని సెగ మీద ఒక్కో వైపు ఏడెనిమిది నిమిషాలు కాల్చు. ఇది ఒడియా ఇళ్లలో చేసే పత్రపొడా పద్ధతి. ఆకు మాడినా చేప మాడదు, ఆకు వాసన చేపకు పడుతుంది. నా నాలుకకు నిప్పుల వంటలన్నింటిలోనూ ఇదే గొప్పది, మీ పక్కింటివారు కూడా దీన్నే ముందు అడుగుతారు.

తీపి ఇష్టపడే పిల్లల కోసం 50 గ్రాముల చింతపండు గుజ్జులో 75 గ్రాముల బెల్లం, చిటికెడు ఉప్పు, కాస్త మిరియాల పొడి వేసి చిక్కబడేదాకా మరిగించి పెట్టుకో. బెల్లం త్వరగా మాడుతుంది, అందుకని ముక్క పూర్తిగా ఉడికాక చివరి ఐదు నిమిషాల్లోనే పూయాలి. శాకాహారులకు చిలగడదుంపలు, వంకాయలు నిప్పుల్లో కప్పెయ్యి, వారికి ముక్కలు కాల్చే ఇనుప జాలీ మాత్రం వేరుగా ఉంచు.

ఇక నిప్పు. ఎంత బాగా ఊరబెట్టినా చాలామంది ఇక్కడే తొందరపడి చెడగొట్టుకుంటారు. చింత బొగ్గులు వాడు. కిరోసిన్ పోయకుండా, ఎండు కొబ్బరి పీచుతో అంటించు. మంట ఆరి, బొగ్గుల మీద తెల్లని బూడిద పొర కమ్మేదాకా, అంటే సుమారు అరగంట, జాలీ మీద ఏదీ పెట్టకు. ఆపైన నిప్పులన్నీ ఒక పక్కకు పోగుచేసి, రెండో పక్క ఖాళీగా వదులు. జాలీకి జానెడు ఎత్తున అరచెయ్యి పెడితే రెండు మూడు క్షణాలకే లాగేసుకోవలసి వచ్చేది ఎక్కువ సెగ. కోడి తొడ ముక్కలను మొదట ఖాళీ వైపు మూతపెట్టి అరగంటకు పైగా నిదానంగా మగ్గించి, చివర్లో నిప్పుల వైపుకు జరిపి రంగు తెప్పించు. ముందే ఎక్కువ సెగ మీద పెడితే పైన నల్లబడి ఎముక దగ్గర పచ్చిగా ఉండిపోతుంది. వంట థర్మామీటరు ఒకటి కొను, తొడ మధ్యలో 74 డిగ్రీల సెల్సియస్ చూపించేదాకా ఎవరికీ వడ్డించకు. కొవ్వు కారి మంట లేస్తే నీళ్లు చల్లకు, ముక్కను పక్కకు జరుపు. వెదురు పుల్లలు వాడితే ముందు అరగంట నీళ్లలో నాననివ్వు.

పచ్చి మాంసం పెట్టిన పళ్లెంలో కాల్చిన ముక్కలు వెయ్యకూడదు, ఊరబెట్టగా మిగిలిన ముద్దను మరిగించకుండా మళ్లీ పూయకూడదు. చలిగా ఉందని ఆ కుంపటిని ఎవరైనా ఇంట్లోకి తెస్తామంటే ఒప్పుకోకు. బొగ్గుల నుండి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మూసిన గదిలో నిద్రలోనే ప్రాణం తీస్తుంది. బూడిదను మరునాడు పూర్తిగా చల్లారాకనే తియ్యి.

పండుగకు ముందు ఆదివారం అరకిలో కోడితో ఒకసారి చేసి చూడు, సెగ నీ చేతికి అలవాటవుతుంది. సాలు ఆకులు, చింత బొగ్గులు నేను వచ్చేటప్పుడు తెస్తానని మీ అమ్మకు చెప్పు.

ఇట్లు,
మీ మావయ్య