గిడ్డంగి కాపలాకు ఏజెన్సీ: కొటేషన్ కన్నా ముందు చూడవలసినవి

ప్రశ్న: గుంటూరు శివారులో మాకు మిర్చి కోల్డ్ స్టోరేజీ ఉంది. ఇన్నేళ్లూ మా ఊరి పెద్దాయన ఒకరు రాత్రిపూట కాపలా ఉండేవారు. కిందటి సీజనులో రైతుల సరుకులో కొన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) లెక్కకు తగ్గడంతో సెక్యూరిటీ ఏజెన్సీకి అప్పగించాలనుకుంటున్నాము. రెండు కొటేషన్లు వచ్చాయి, ఒకటి బాగా తక్కువ. దేన్ని చూసి నిర్ణయించుకోవాలి?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ముందుగా లైసెన్సు అడగండి. 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఏజెన్సీ నడపడం నేరం. ఏడాది వరకు జైలు గానీ, 25,000 రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. లైసెన్సు గడువు ఐదేళ్లే కనుక తేదీ కూడా చూడండి. గార్డుకు 18 ఏళ్లు నిండి 65 నిండకుండా ఉండాలి, అతని పూర్వాపరాల విచారణ, శిక్షణ పూర్తయి ఉండాలి. కేంద్ర నమూనా నియమాలు 100 గంటల తరగతి శిక్షణ, 60 గంటల క్షేత్ర శిక్షణ నిర్దేశించాయి. ఈ పత్రాలను ఏజెన్సీ పేరు మీద కాక, మీ గేటు వద్దకు వచ్చే ఒక్కొక్క మనిషికీ విడివిడిగా అడిగి నకళ్లు ఉంచుకోండి.

తక్కువ కొటేషన్‌ను జీతం, పీఎఫ్, ఈఎస్ఐ, వారపు సెలవు రోజున బదులు వచ్చే మనిషి ఖర్చు, సర్వీసు చార్జీ అని విడగొట్టి ఇమ్మనండి. కనీస వేతనం కూడా దక్కని గార్డు పగలు ఒకచోట, రాత్రి మరొకచోట డ్యూటీ చేసి మీ గేటు దగ్గర నిద్రపోతే ఆ తప్పు అతనిది కాదు. పైగా ఏజెన్సీ ఎగవేసిన పీఎఫ్ బకాయిలు చివరికి మీ మీద పడే ప్రమాదం ఉంది.

ఇక అసలు విషయం. నలభై కిలోల పైచిలుకు టిక్కీని రాత్రివేళ గోడ దాటించడం కన్నా, లోడింగు హడావుడిలో లెక్కకు మించి లారీకి ఎక్కించడమే తేలిక. కాబట్టి లోడింగు లెక్కలు చూడకుండా పెద్దాయనను అనుమానించవద్దు. ముందు పగటి గేటును కట్టుదిట్టం చేయండి. ప్రతి లారీ నంబరు, గేట్ పాసు, గార్డు స్వయంగా లెక్కించిన టిక్కీల సంఖ్య ఒక రిజిస్టరులో ఎక్కాలి, ఆ సంఖ్యను అదే సాయంత్రం చాంబరు (సరుకు నిల్వ గది) రిజిస్టరుతో సరిచూడాలి. లెక్క కుదరని లారీని, మీ బంధువులెవరు ఫోను చేసినా సరే, ఆపే అధికారం గార్డుకు ఉందని రాతపూర్వకంగా ఇవ్వండి. ఆ అధికారం ఇవ్వకుండా, టీలు తెమ్మని పంపుతూ ఉంటే ఏ ఏజెన్సీ వచ్చినా ప్రయోజనం లేదు.

మీ ప్లాంటులో శీతలీకరణకు అమ్మోనియా వాడుతుంటే, వాయువు లీకైనప్పుడు గాలికి ఎదురు దిశగా మనుషులను ఎలా తరలించాలో, ప్లాంటు ఆపరేటరుకూ అగ్నిమాపక నంబరు 101కూ ఎప్పుడు ఫోను చేయాలో ప్రతి షిఫ్టు గార్డుకూ మీరే చూపించాలి. సరుకు తగ్గితే ఎన్ని రోజుల్లో తెలపాలి, ఎవరు విచారించాలి, ఏ మేరకు ఏజెన్సీ భరించాలి అన్నది ఒప్పందంలో లేకపోతే సంతకం చేయవద్దు.