టెక్ సందేహాలు: డాబా మీద ట్యాంకు నీళ్లతో రీలు కడగొచ్చా?

సర్, ఇంట్లోనే బ్లాక్ అండ్ వైట్ రీళ్లు కడుగుతున్నాను. ఫిల్మ్ ఇల్‌ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్, డి-76 డెవలపర్‌లో (ఫిల్మ్ మీద బొమ్మను బయటికి తెచ్చే మందు) సగానికి సగం నీళ్లు, 11 నిమిషాలు. చలికాలంలో బాగానే వచ్చాయి. మే నెలలో కడిగినవి మాత్రం మరీ నల్లగా ఉన్నాయి. డెవలపర్ పాడైందా?
– ఒక పాఠకుడు, ఆమదాలవలస

డెవలపర్ పాడైతే నెగెటివ్ పలచబడుతుంది కానీ నల్లబడదు. ఆ 11 నిమిషాలు 20 డిగ్రీల దగ్గర లెక్క. మే నెలలో మీ డాబా మీది ట్యాంకులో నీళ్లు స్నానానికే వేడెక్కువ! డిగ్రీ పెరిగేకొద్దీ టైమ్ సుమారు పదో వంతు తగ్గించాలి. 24 డిగ్రీలైతే ఏడున్నర నిమిషాలు చాలు. 30 దగ్గర నాలుగే వస్తుంది, కానీ ఆ లెక్కను నమ్ముకోవద్దు. ఐదు నిమిషాల లోపు కడిగితే డెవలపింగ్ సమానంగా జరగదు, ఫొటోలో ఆకాశం మీద చారలు పడతాయి. అందుకే నీళ్లనే చల్లబరచండి. ఐసు డెవలపర్‌లో వేయకండి, పలచబడిపోతుంది. టబ్బులో ఐసు నీళ్లు పోసి, డెవలపర్, ఫిక్సర్ (వచ్చిన బొమ్మను నిలిపే మందు) సీసాలు అందులో ఉంచండి. చివర్లో కడిగే నీళ్లు కూడా దాదాపు అదే వేడిలో ఉండాలి. అన్నట్టు, జ్వరం చూసే థర్మామీటర్ ఇక్కడ పనికిరాదు, దాని కొలతే 35 డిగ్రీల దగ్గర మొదలవుతుంది.

రీలు మొత్తం గాజులా ఖాళీగా వచ్చింది. తప్పు కెమెరాదా, నాదా?
– విజయనగరం నుంచి ఒక విద్యార్థిని

ఫిల్మ్ అంచు చూడమ్మా. కంపెనీ పేరు, నంబర్లు కనిపిస్తే డెవలపర్ పని చేసినట్టే. చాలావరకు రీలు కెమెరాలో తిరిగి ఉండదు. అంచు కూడా ఖాళీ అయితే డెవలపర్ చచ్చిపోయింది, లేదా ముందు ఫిక్సర్ పోశావు.

ప్రింట్లలో తెల్లని చోట్లన్నీ బూడిద రంగే. ప్రింట్లు తీసే చీకటి గదిలో ఎర్ర ఎల్‌ఈడీ బల్బు వాడుతున్నాను.
– బొబ్బిలి పాఠకుడు

నాకు మీ బల్బు మీదే అనుమానం. బజారులో దొరికే ఎర్ర బల్బులన్నీ శుద్ధమైన ఎరుపు ఇవ్వవు; మల్టీగ్రేడ్ (కాంట్రాస్ట్ మార్చుకోగల) ప్రింట్ పేపర్‌కు నీలం, ఆకుపచ్చ వెలుగు కాస్త తగిలినా చాలు, బూడిద పట్టేస్తుంది. ముందు కటిక చీకట్లో ఒక ముక్క డెవలప్ చేసి, ఫిక్స్ చేయండి. అదీ బూడిదగా వస్తే పేపరే పాతబడింది. తెల్లగా వస్తే ఇంకో ముక్కకు ఎన్‌లార్జర్ (నెగెటివ్‌ను పేపర్ మీద పెద్దదిగా చూపే యంత్రం) వెలుగు లేత బూడిద వచ్చేంత చూపించి, పైన రూపాయి బిళ్ల పెట్టి, ఎర్ర బల్బు కింద ఐదు నిమిషాలు వదిలేయండి. డెవలప్ చేశాక బిళ్ల గుండ్రం కనిపిస్తే బల్బు మార్చాల్సిందే. పేపర్ డబ్బా ఫ్రిజ్‌లో పెట్టుకోండి, కానీ తీసిన వెంటనే కవరు విప్పొద్దు, తేమ పట్టేస్తుంది.