వాలు సీలింగ్‌కి ట్యూబ్ స్కైలైట్ పెట్టొచ్చా, వానకి కారదా?

నిక్షేపంగా పెట్టొచ్చు. ట్యూబ్ స్కైలైట్ అంటే కప్పు మీది పగటి వెలుతురుని గొట్టంలోంచి గదిలోకి దించేదే కదా. నన్నడిగితే దానికి అనువైన చోటే వాలు సీలింగ్. మధ్యలో అటక ఉన్న ఇంట్లో గొట్టాన్ని పొడుగ్గా, వంపులు తిప్పుకుంటూ దించాలి. వంపు వంపుకీ కొంత వెలుతురు పోతుంది. మీకా బాధ లేదు, కప్పు నెత్తిమీదే ఉంది. మూరెడు గొట్టంతో సరి.

మా పైగదిది 45 డిగ్రీల వాలు. బిగించడానికొచ్చిన మేస్త్రీ రాగానే తూకం గుండు వేలాడదీశాడు. "వెలుతురు కిందికే కదండీ పడాలి, గొట్టం నిలువుగా ఉండొద్దూ?" అని ఆయన వాదన. నిలువుగా దించితే వాలులో రంధ్రం గుండ్రంగా రాదు, కోడిగుడ్డులా సాగుతుంది. 10 అంగుళాల గొట్టానికి 14 అంగుళాల పొడవు కోత! పెట్టెలో వచ్చిన రింగేమో గుండ్రం, అది దేన్ని కప్పుతుంది? నోటితో చెబితే వినలేదు. అట్టముక్కని అదే వాలులో పట్టుకుని, పైపు ముక్కని ఓసారి నిలువుగా, ఓసారి అట్టకి లంబంగా ఆనించి చుట్టూ గీయించాను. రెండూ చూసి నవ్వేసి, గుండు సంచిలో పడేశాడు. ఇక సీలింగ్‌కి లంబంగా చిన్న రంధ్రం వేసి, తీగ పైకి పంపి, అది పొడుచుకొచ్చిన చోటే కప్పు కోశాం. గొట్టం ఏటవాలుగా ఉందని వెలుతురు తగ్గలేదు. లోపలంతా అద్దపు మెరుపు, కింద డిఫ్యూజర్, అంటే వెలుతురుని చెదరగొట్టే మూత, దాన్ని గదంతా వెదజల్లుతుంది.

వాసాల సందు ముందే కొలవండి. వాసాలు 16 అంగుళాల ఎడంలో ఉంటే, వాసం మందం పోను 14 దాటిన గొట్టం పట్టదు. పెద్దది కావాలని వాసాన్నే కోయించే మహానుభావులున్నారు, వాళ్లకో దండం.

కారేది వాలు వల్ల కాదు, సీలెంట్ గన్‌నే నమ్ముకున్న పనివాడి వల్ల. ఫ్లాషింగ్, అంటే నీళ్లు దిగకుండా గొట్టం చుట్టూ కప్పు మీద పరిచే రేకు, దాని ఎగువ అంచు పెంకుల కిందికి దూరాలి, దిగువ అంచు పెంకుల మీదికి రావాలి. నీళ్లు వాటంతటవే జారిపోతాయి. అది మానేసి చుట్టూ సీలెంట్ పులిమితే, ఎండకి అది పగిలేనాటికి మీ ఫోన్ ఎత్తేవాడుండడు. కింద రింగు చుట్టూ గాలి దూరకుండా కూడా చూడండి. లేకపోతే గదిలో ఆవిరి గొట్టంలోకెక్కి, చలికాలంలో చుక్కలు కట్టి కారుతుంది, మీరేమో కప్పుని తిట్టుకుంటారు.

పడకగదికైతే వెలుతురు ఆపే షట్టర్ కూడా అప్పుడే పెట్టించేయండి. దీనికి కర్టెన్ వేయడం కుదరదు.