యూదులకు ఒక రక్షణ, మనకు ఇంకో రక్షణా?

"యూదులు మోషే ధర్మశాస్త్రం పాటించి రక్షణ పొందుతారు, అన్యజనులు (యూదులు కానివాళ్ళు) కృప వల్ల పొందుతారు అని మా సంఘంలో ఒక బోధకుడు చెప్పాడు, నిజమేనా? ఇశ్రాయేలును దేవుడు వదిలేశాడా?" అని అడిగారు.

నిజం కాదు. యూదుడికీ కృపే, అన్యుడికీ కృపే. రెండో దారి లేదు. దీని మీద క్రీస్తుశకం 49 ప్రాంతంలోనే యెరూషలేములో అపొస్తలులు, పెద్దలు కూర్చుని పెద్ద తర్జనభర్జన చేసి తేల్చేశారు. అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయం అంతా అదే. అలా తేలిపోయిన గొడవను మన తెలుగు మందిరాల్లో ప్రతి నెలా మళ్ళీ మొదలుపెడుతున్నారు. నన్ను బాధపెట్టేది ఇదే, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

మాది పర్లాకిమిడి. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, ఆంధ్ర. ఇటు ఒడిశా, గజపతి జిల్లా. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మా ఊరు ఇటు కలిసింది. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, కొండెక్కితే అక్కడి గిరిజనుల సవర భాష. సెరంగో వైపు కెనడియన్ బాప్టిస్టు మిషనరీలు ఆసుపత్రి పెట్టి పనిచేశారు. ఆ కొండల్లో ఇవాళ ఎన్నో సవర ఊళ్ళలో ఆదివారం ఆరాధన జరుగుతుంది.

కొన్నేళ్ళ క్రితం మా వదిన వాళ్ళు వెళ్ళే ఒక మందిరానికి నేనూ వెళ్ళాను. పేరు చెప్పను. అది బల్ల ఇచ్చే ఆదివారం, అంటే యేసు మరణానికి గుర్తుగా రొట్టె, ద్రాక్షరసం పంచే రోజు. నా ముందు వరసలో ఒక సవర ముసలమ్మ కూర్చుంది. కంటి ఆపరేషన్ కోసం గుమ్మ వైపు నుంచి దిగివచ్చి, ఇక్కడ చదువుకుంటున్న మనవడి గదిలో ఉంటోందట. నుదుటి మీంచి ముక్కు దాకా పాతకాలం పచ్చబొట్టు గీత, సాగిన చెవులు, మెడలో పూసల దండలు. వాళ్ళ వయసు ఆడవాళ్ళు చాలామంది అలాగే ఉంటారు.

రొట్టె పళ్ళెం పట్టుకుని సంఘ పెద్ద ఒకాయన వరసగా వస్తున్నాడు. ముసలమ్మ చెయ్యి చాపింది. ఆయన ఆగి, ఆమె మెడ వైపు చూసి, "అవి తీసేసి వచ్చే నెల తీసుకో అమ్మా" అన్నాడు. ఆమెకు అర్థం కాలేదు. మనవడు తల వంచుకుని సవరలో చెప్పాడు. పాపం, కుర్రాడి మొహం కందిపోయింది. ఆమె సంతలో నేర్చుకున్న తెలుగులో నెమ్మదిగానే అడిగింది: "ఇవి ఉండగానే గదా నాకు బాప్తిస్మం ఇచ్చినారు?"

"అక్కడ వేరమ్మా, ఇక్కడ క్రమం వేరు" అని ఆయన పళ్ళెం పక్కావిడ ముందు పెట్టాడు.

నేను లేచి, ఆమెకు కూడా ఇవ్వండి అన్నాను. పాస్టరు అయ్యగారు మైకులోనే "ఆరాధన మధ్యలో వద్దు, కూర్చోండి బ్రదర్" అన్నారు. పళ్ళెం నా దగ్గరికి వచ్చినప్పుడు నేను తీసుకోలేదు. తర్వాత అందరూ పాట ఎత్తుకున్నారు. ఆ రాగం ఆమెకు తెలుసు. అందరితో పాటు గొంతు కలిపి సవర మాటలతో పాడింది.

మర్నాడు ఆ పెద్దాయన కొట్టుకు వెళ్ళి అడిగాను. ఆయన చెడ్డవాడు కాదు, వానల్లో ఎవరి ఇల్లు కూలినా ముందు బియ్యం బస్తా పంపేది ఆయనే. "కృప ఉచితమే బ్రదర్, కాదని ఎవరన్నారు? కానీ సంఘమన్నాక ఒక క్రమం ఉండొద్దా? నగలు వద్దని పేతురు రాశాడు, పౌలు రాశాడు" అన్నాడు. మొదటి తిమోతి 2:9 తీయమన్నాను. బంగారం, ముత్యాలతో పాటు జడలూ, ఖరీదైన బట్టలూ కూడా ఆ వచనంలోనే ఉన్నాయి. మీ మందిరంలో పట్టుచీరలకు లేని అడ్డు గాజుపూసలకు ఎందుకండీ అంటే జవాబు లేదు. అసలు అది అణకువ గురించిన మాట. బల్ల ఎవరికి ఇవ్వాలి, ఎవరికి మానాలి అన్నది అక్కడ లేనే లేదు.

యెరూషలేములో వాదం లేపింది కూడా యేసును కాదన్నవాళ్ళు కాదు. ధర్మశాస్త్రాన్ని కఠినంగా పాటించే పరిసయ్యుల తెగలోంచి వచ్చిన విశ్వాసులు. యేసును నమ్మండి, దాంతో పాటు సున్నతి పొందండి, మోషే ధర్మశాస్త్రం పాటించండి అన్నారు. అప్పుడు పేతురు లేచి, మన పితరులూ మనమూ మోయలేకపోయిన కాడిని వీళ్ళ మెడ మీద ఎందుకు పెడతారు అని అడిగాడు. ఆయనకు కైసరయలో కొర్నేలీ ఇల్లు గుర్తుంది. కొర్నేలీ రోమా శతాధిపతి, సున్నతి లేనివాడు. పేతురు ఇంకా మాట్లాడుతుండగానే ఆ ఇంట్లోవాళ్ళ మీదికి పరిశుద్ధాత్మ దిగాడు. నీళ్ళ బాప్తిస్మం కూడా ఆ తర్వాతే.

చివరికి ఆ సభ అన్యజనులకు రాసిన ఉత్తరంలో నాలుగే మాటలు ఉన్నాయి: విగ్రహాలకు పెట్టినది, రక్తం, గొంతు పిసికి చంపినది, జారత్వం, వీటికి దూరంగా ఉండండి అని. సున్నతి ఊసే లేదు.

ముసలమ్మ అడిగినది కూడా చిన్న ప్రశ్న కాదు. రోమా 4లో పౌలు వేసిన ప్రశ్నే అది. యూదుల మూలపురుషుడు అబ్రాహామును దేవుడు నీతిమంతుడిగా ఎంచింది ఎప్పుడు, సున్నతి అయ్యాకా, కాకముందా? ఆదికాండము 15లో నీతిగా ఎంచాడు, సున్నతి వచ్చింది 17లో. సున్నతి లేని రోజుల్లోనే దేవుడు ఆయన్ను ఒప్పుకున్నాడు, అందుకే ఆయన సున్నతి లేని విశ్వాసులకూ తండ్రి అయ్యాడు. చదువు రాని ఆ తల్లి ఒక్క వాక్యంలో అడిగిన సంగతిని, వేదాంత కోర్సు చేసి సర్టిఫికెట్ గోడకు తగిలించుకున్నవాళ్ళు కూడా పట్టుకోలేకపోతున్నారు. నాకు కోపం రాకుండా ఎలా ఉంటుంది?

బల్ల దగ్గర వేరు చేస్తే సువార్తనే తప్పించినట్టు. ఇది నా సొంత కవిత్వం కాదు, గలతీ 2లో ఉంది. అంతియొకయలో పేతురే మొదట అన్యజనులతో కలిసి భోంచేసేవాడు. యెరూషలేము సంఘ పెద్ద యాకోబు దగ్గరనుంచి కొందరు రాగానే భయపడి పక్కకు తప్పుకున్నాడు. ఆయన్ను చూసి బర్నబా కూడా తప్పుకున్నాడు. పౌలు చాటుగా చెప్పలేదు, అందరి ముందే నిలదీశాడు. పేతురు కృపను నోటితో కాదన్నది ఎక్కడా లేదు. తినే చోటు మార్చాడు, అంతే. పౌలుకు అదే చాలింది.

ఇంకో సంగతి. యెరూషలేము దేవాలయంలో అన్యులు ఒక అడ్డుగోడ దాకానే వెళ్ళాలి. దాటితే చావే, దానికి వాడిదే బాధ్యత అని గ్రీకులో చెక్కిన రాయిని 1871లో క్లెర్మాన్ గానో అనే ఫ్రెంచి పండితుడు కనిపెట్టాడు. అదిప్పుడు ఇస్తాంబుల్ మ్యూజియంలో ఉంది. ఎఫెసువాడైన త్రోఫిము అనే అన్యుణ్ణి పౌలు ఆ గోడ దాటించాడనే అనుమానంతోనే జనం పౌలును కొట్టి చంపబోయారు. క్రీస్తు మధ్యగోడను పడగొట్టాడని ఎఫెసీ పత్రికలో చదువుతుంటే నాకు ఆ రాయే కళ్ళముందు కనిపిస్తుంది.

మన దగ్గర ఇప్పుడు ఇంకో వింత వచ్చింది. స్టేజీ మీద ఇశ్రాయేలు జెండా, పొట్టేలు కొమ్ము ఊదడం, యొర్దాను నీళ్ళ సీసాలు, అప్పు చేసైనా వెళ్ళమనే పరిశుద్ధ దేశ యాత్రలు. వేల మైళ్ళ దూరంలోని యూదుల మీద ఇంత ప్రేమ ఒలకబోసి, బస్సెక్కి వచ్చిన సవరలను వెనక చాప మీద కూర్చోబెడుతున్నారు. గిడుగు రామమూర్తి పంతులు గారు ఇదే పర్లాకిమిడిలో ఉంటూ పట్టుబట్టి సవర భాష నేర్చుకున్నారు, నిఘంటువు తయారుచేశారు, వాళ్ళకు బడులు పెట్టించారు. ఆయన క్రైస్తవుడు కూడా కాదు. మన తెలుగు ఆరాధనల్లో నెలకు ఒక్క సవర పాటకైనా చోటు ఇవ్వలేమా?

ఇక మీ రెండో ప్రశ్న. దేవుడు యూదులను వదిలేయలేదు. రోమా 11 మొదటి వచనంలోనే పౌలు ఆ ప్రశ్న వేసి, కానే కాదు, నేనూ ఇశ్రాయేలీయుణ్ణే అంటాడు. క్లౌదియ చక్రవర్తి యూదులను రోమా నుంచి వెళ్ళగొట్టిన సంగతి అపొస్తలుల కార్యములు 18లో ఉంది. వాళ్ళు తిరిగి వచ్చేసరికి అక్కడి సంఘంలో అన్యుల పెత్తనం పెరిగి ఉంటుందని నేను నమ్ముతాను. అందుకే పౌలు అడవి ఒలీవ కొమ్మ మాట ఎత్తాడు. అన్యుడివైన నిన్ను తెచ్చి అంటుకట్టారు, విరిగిన కొమ్మల మీద, అంటే నమ్మని యూదుల మీద అతిశయపడకు, వేరును నువ్వు మోయడం లేదు, వేరే నిన్ను మోస్తోంది అన్నాడు. యూదులను క్రీస్తును చంపినవాళ్ళని పీఠం మీంచి తిట్టే బోధకులు ఈ అధ్యాయం ముట్టుకోరు. యూదులకు క్రీస్తు లేకుండా వేరే దారి ఉందని చెప్పేవాళ్ళూ ముట్టుకోరు.

మీ బోధకుడితో గొడవ పెట్టుకోకండి. అపొస్తలుల కార్యములు 15:11 ఆయన చేతే పైకి చదివించండి. ప్రభువైన యేసు కృప వల్లనే మేమూ రక్షణ పొందుతాం, వాళ్ళూ అలాగే అని అక్కడ అంటున్నది పేతురు. పుట్టుకతో యూదుడు, సున్నతి పొందినవాడు. యూదులకు ధర్మశాస్త్రమే చాలితే పేతురుకు ఆ కృప ఎందుకు కావలసి వచ్చిందో ఆయన్నే చెప్పమనండి.