ప్రార్థన చేసినా రాత్రి గుండెదడ తగ్గకపోతే

సోంపేట, కంచిలి, కవిటి నుంచి, ఇటు బొబ్బిలి, చీపురుపల్లి నుంచి వెల్డర్లుగా, ఫిట్టర్లుగా, రిగ్గర్లుగా గల్ఫ్‌కి కొత్తగా వచ్చిన విశ్వాసులు అడిగే సందేహం ఒకటుంది. "రోజూ ప్రార్థన చేస్తున్నాం, అయినా పడుకోగానే గుండెదడ. మా విశ్వాసంలో లోపమా?"

కాదు తమ్ముళ్లూ. ముందు ఆ నింద నెత్తిమీంచి దించండి, నిద్ర చెడగొట్టేది చాలావరకు అదే. ఏలీయా అంతటి ప్రవక్త బదరీవృక్షం కింద కూలబడి చావు కోరుకున్నాడు (1 రాజులు 19). దేవుడు గద్దించలేదు. పడుకోనిచ్చాడు, దూతచేత రొట్టె, నీళ్లు పెట్టించాడు, మళ్లీ పడుకోనిచ్చి మళ్లీ తినిపించాడు. మాట్లాడటం ఆ తర్వాతే. అందుకని డ్యూటీ దిగి, ఏమీ తినకుండా మోకాళ్లమీద పడకండి. ముందు అన్నం తినండి. సాయంత్రం నాలుగు దాటాక కరక్ చాయ్ (ఇక్కడి చిక్కటి టీ), ఎనర్జీ డ్రింకులు ముట్టొద్దు. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే ఐదారు గంటలు పడుతుంది. ఎండలో చెమట కారిపోయి నీళ్లు తక్కువైనా గుండె దడదడలాడుతుంది. వేసవిలో సైటు పని చేస్తూ నీళ్లు కూడా మాని ఉపవాసం ఉండటం ప్రమాదం. ఉపవాసమే కావాలంటే తిండి కాదు, రాత్రి ఫోను మానండి.

ఇక ప్రార్థన. "దేనినిగూర్చియు చింతపడకుడి" దగ్గరే ఆగిపోతాం. ఆ వాక్యంలోనే (ఫిలిప్పీ 4:6) "ప్రతి విషయములోను" అనీ, "కృతజ్ఞతాపూర్వకముగా" అనీ ఉంది. అంటే బెంగంతా మూటగట్టి ఒక్కసారి పడెయ్యడం కాదు, విషయం విషయంగా విప్పి చెప్పడం. ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. "అప్పు" అని రాయొద్దు. "ఏజెంటు కోసం తెచ్చిన లక్షా ఇరవై వేలు, నూటికి మూడు రూపాయల వడ్డీ, ఈ నెల కట్టాల్సింది 3,600" అని రాయండి. దాని పక్కన రెండు మాటలు: నా చేతిలో ఉన్నదేంటి, లేనిదేంటి. జీతం పడ్డ రోజే 3,600 పంపడం మీ చేతిలోది. వచ్చే నెల ఓటీ (ఓవర్‌టైమ్) ఉంటుందా లేదా అన్నది కాదు. మొదటిదానికి తేదీ వెయ్యండి, రెండోదాన్ని పేరుపెట్టి దేవుడికి చెప్పండి. చివర ఆ రోజుదే ఏదైనా మేలు ఒకటి రాయండి. పది, పదిహేను నిమిషాలు చాలు.

ఇక్కడే చాలామంది తప్పుతారు. ఒకే భయాన్ని నలభై నిమిషాలు తిప్పి తిప్పి చెప్పడం కళ్లు మూసుకుని చేసే చింతే. లేచేసరికి గుండె ఇంకా బరువెక్కిందంటే అదే జరిగిందని గుర్తు. అప్పుడు సొంత మాటలు ఆపి 13వ కీర్తన పైకి చదవండి. ఆరు వచనాలే. "ఎంతవరకు" అని దేవుణ్ణే నిలదీస్తూ మొదలై, పాటతో ముగుస్తుంది. నిలదీసే భాగాన్ని దాటెయ్యొద్దు. లేదంటే మన తెలుగు క్రైస్తవ పాట ఒకటి పాడుకోండి. మన పక్కనే ఉన్న పర్లాకిమిడి ప్రాంతపు కీర్తనకారుడు పురుషోత్తమ చౌదరి (1803–1890) రాసినవి మీ అమ్మకు కంఠతా వచ్చే ఉంటాయి.

దడ మొదలైపోతే వాదించుకోకండి, ఊపిరి మీద పడండి. నాలుగో కీర్తన ఎనిమిదో వచనం దీనికి భలే అమరుతుంది. ఊపిరి పీలుస్తూ మనసులో "నేను ఒంటరిగా నుండినను", వదులుతూ "నీవే నన్ను సురక్షితముగా నివసింపజేయుదువు". రెండోది పొడవు కాబట్టి వదలడం దానంతటదే నెమ్మదిస్తుంది, గుండెను శాంతపరిచేది ఆ వదలడమే. ఇలాంటి దడ మామూలుగా పది నిమిషాల్లో పతాకస్థాయికి చేరి దిగిపోతుంది. ఛాతీ పట్టేసినట్టుండి నొప్పి చేతికో దవడకో పాకుతూ, చల్లచెమటలు పడితే మాత్రం చింత అనుకోవద్దు. అంబులెన్సుకి ఫోన్ చెయ్యండి: కువైట్‌లో 112, ఖతార్‌లో 999, సౌదీలో 997, యూఏఈలో 998.

సోంపేట, కవిటి వైపు ఉద్దానం వాళ్లకి అక్టోబరు వస్తే వేరే బెంగ. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కరెంటూ ఫోన్లూ పోయాయి. ఫోను కలవకపోతే ఇంటికాడ ఏటైపోయిందో అని ప్రాణం కొట్టుకుంటుంది. ప్రార్థనకు ముందే చెయ్యాల్సిన పని ఇది: తుపాను ముందు ఇంటివాళ్లు ఏ పక్కా ఇంటికి వెళ్తారో తేల్చుకోండి, ఊరి బయట ఉన్న బంధువులవి రెండు నంబర్లు రాసుకోండి, ఫోన్ చేసే వేళ ఒకటి ముందే ఒప్పుకోండి. టీవీ చానెళ్లు రాత్రంతా చూడటం వల్ల గాలి తగ్గదు.

సంఘంలో చేరండి. కువైట్ సిటీలో నేషనల్ ఎవాంజెలికల్ చర్చి ఆవరణ, దోహాలో మెసైమీర్ చర్చి సముదాయం, దుబాయ్‌లో ఊద్ మేథా, జెబెల్ అలీ ఉన్నాయి. కువైట్, దోహాల్లో శుక్రవారం ఆరాధనలు ఎక్కువ. గుర్తింపు కార్డు జేబులో ఉండాలి. సౌదీలో చర్చిలు లేవు, గదిలో ఇయర్‌ఫోన్‌తో వాక్యం వినండి. ఏ దేశంలోనైనా స్థానికులకు కరపత్రాలు పంచకండి, జైలు, డిపోర్టేషన్ దాకా పోతుంది. ప్రార్థిస్తామంటూ వాట్సాప్‌లో డబ్బు అడిగేవాళ్లను బ్లాక్ చెయ్యండి.

రెండు వారాలు దాటినా నిద్ర, ఆకలి లేకపోతే డాక్టరుని చూడటం అవిశ్వాసం కాదు. లూకా వైద్యుడే. ఊరినుంచి ఎవరి చేతనైనా నిద్రమాత్రలు తెప్పించుకోవద్దు. ఆల్ప్రాజోలం, క్లోనజిపాం, అలాగే నొప్పి మాత్ర ట్రామడాల్ గల్ఫ్ దేశాల్లో నియంత్రిత మందులు, అనుమతి లేకుండా ఎయిర్‌పోర్టులో దొరికితే కేసే. ఇక్కడి డాక్టరు రోజూ వేసుకునే మందు రాస్తే గుణం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది, తగ్గిందనిపించగానే సొంతంగా ఆపెయ్యకండి. ఇంటిదగ్గరున్న వాళ్లు బెంగతో కుంగిపోతుంటే 14416కి, అంటే మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్‌కి, చెయ్యమనండి, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోదామన్న ఆలోచన వచ్చిన రాత్రి మాత్రం ఒంటరిగా ప్రార్థించొద్దు. పక్క మంచంమీదున్న వాణ్ణి లేపి చెప్పండి, తెల్లారేదాకా పక్కనే ఉండమనండి, పొద్దున్నే అతన్ని తోడు తీసుకుని ఆసుపత్రికి వెళ్లండి.