జ్ఞానదంతం తీశాక మూడో రోజున నొప్పి ఎందుకు పెరుగుతుంది?

వాపు 2, 3 రోజుల వరకు పెరిగి ఆ తరువాత తగ్గడం సహజమే గాని, తగ్గుముఖం పట్టిన నొప్పి మళ్లీ తీవ్రమై చెవి వైపు పాకి, దానికి నోటి దుర్వాసన కూడా తోడైతే, గుంతలోని రక్తపుగడ్డ ఊడిపోయి ఎముక బయటపడిన ‘డ్రై సాకెట్’ అయి ఉండవచ్చు. పొగ తాగేవారిలో ఇది ఎక్కువ. దంతవైద్యులు గుంతను సెలైన్‌తో కడిగి, యూజెనాల్ (లవంగ నూనెలోని ముఖ్య పదార్థం) కలిసిన మందు పెడితే చాలామందికి త్వరగానే ఉపశమనం కలుగుతుంది. మామూలుగా దీనికి యాంటీబయాటిక్ అవసరం ఉండదు కనుక మందుల దుకాణంలో అడిగి తెచ్చుకోవద్దు. లవంగ నూనెను ఇంట్లో నేరుగా గుంతలో పోయవద్దని మరీ మరీ చెబుతున్నాను, అది లోపలి కణజాలాన్ని దెబ్బతీస్తుంది. జ్వరం, చీము, మింగడంలోనో ఊపిరి తీయడంలోనో ఇబ్బంది కనిపిస్తే మాత్రం తెల్లవారే దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.